అప్‌డేట్: మా నల్లడి టీకాల విషయం

వీధి నుంచి తెచ్చుకున్న కుక్కకు రేబీస్ టీకా ఒక్కటి చాలదా, ఏటా పరీక్షలు అవసరమా అని నెల క్రితం అడిగినది నేనే. కోవూరు దగ్గర మా ఇంటి వెనుక అంతా వరి మడులే కావడంతో, ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్‌కు టీకాను ఏటా తప్పక వేయించాలని పశువైద్యురాలు చెప్పారు. కుక్కలకు ప్రాణాంతకమైన వైరస్ వ్యాధులు పార్వో, డిస్టెంపర్ల టీకాను మాత్రం, పాత వివరాలేవీ లేవు కనుక, ఇప్పుడొకసారి, నాలుగు వారాల తర్వాత ఒకసారి, ఏడాది తర్వాత మరొకసారి వేయించి, ఆపై మూడేళ్లకోసారి వేయిస్తే సరిపోతుందట. రేబీస్ టీకా జూలై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల) దినోత్సవం నాడు, ప్రభుత్వ పశువైద్యశాలలో ఉచితంగానే వేశారు. దండుగ అనుకున్న పరీక్షలోనే, ఆమె వాడి పెదవి ఎత్తి చూపగా, వెనుక పళ్ల మొదట్లో గార కట్టి చిగురు ఎర్రబడి ఉంది. వాడు బల్ల మీద వణుకుతూ నా మోచేతి సందులో తల దూర్చాడు. పళ్లు శుభ్రం చేయించడానికి వచ్చే వారం వెళ్తున్నాము.