పీఎంఎస్‌7003 సెర్‌డెవ్ డ్రైవర్: చెక్‌సమ్ తప్పుతోంది, ప్రోబ్‌లో ఊప్స్

ప్రశ్న: లినక్స్‌లో పీఎంఎస్‌7003 ధూళి సెన్సర్‌కి ఐఐఓ (సెన్సర్ల కెర్నల్ విభాగం) డ్రైవర్ రాశాను, సీరియల్ పోర్టు పరికరాల కోసం కెర్నల్‌లో ఉన్న సెర్‌డెవ్ వాడి; వేగం 9600 బాడ్. చెక్‌సమ్ (డేటా సరిగ్గా వచ్చిందో చూసే మొత్తం) తప్పుతోంది, ప్రోబ్‌లో (డ్రైవర్ పరికరాన్ని సిద్ధం చేసే ఫంక్షన్) ఊప్స్ (కెర్నల్ లోపం) వస్తోంది. రిసీవ్ కాల్‌బ్యాక్‌లో (బైట్లు రాగానే కెర్నల్ పిలిచే నా ఫంక్షన్) వచ్చిన 32 బైట్లను ఒక ఫ్రేమ్‌గా (సెన్సర్ పంపే ఒక పూర్తి సందేశం) తీసుకుని మెమ్‌కాపీతో నేరుగా కాపీ చేస్తున్నాను. ప్యాచ్ పంపేముందు ఏం మార్చాలి?

జవాబు: ముందు ఆ మెమ్‌కాపీ తీసేయండి. సీరియల్ పోర్టుకి ఫ్రేమ్ అంటే తెలియదండి. ఓసారి 7 బైట్లు, మరోసారి 25 రావచ్చు. సొంత బఫర్‌లో పోగేయండి. హెక్స్‌లో 42, 4డి వరసగా కనిపించేదాకా ముందువి పారేయండి. తర్వాతి రెండు బైట్లు పొడవు: డేటాకి 28, కమాండ్ జవాబుకి 4. ఇంకేదొచ్చినా ఫ్రేమ్ వదిలేయాల్సిందే. వైరు మీద వచ్చిన పొడవును నమ్మితే బఫర్ దాటి రాస్తారు. డేటా ఫ్రేమ్‌లో మొదటి 30 బైట్ల మొత్తమే చెక్‌సమ్.

జవాబు: ఊప్స్ చాలావరకు వరస తప్పడం వల్లే. ఈ సెన్సర్ పవర్ ఇవ్వగానే డేటా పంపుతుంది కనుక పోర్టు ఓపెన్ అయిన మరుక్షణమే కాల్‌బ్యాక్ రావచ్చు. కంప్లీషన్ (జవాబు వచ్చిందని తెలిపే గుర్తు), డ్రైవర్ డేటా, క్లయింట్ ఆప్స్ (కాల్‌బ్యాక్‌ల పట్టిక) ముందు సిద్ధం చేయండి, ఓపెన్ ఆ తర్వాత. కంప్లీషన్ రీఇనిట్ (గుర్తును మళ్లీ ఖాళీ చేయడం) కూడా కమాండ్ రాయకముందే చేయండి, లేకపోతే అప్పటికే వచ్చిన జవాబు చెరిగిపోయి ఊరికే టైమౌట్ అవుతుంది. జవాబు కోసం ఆగే ఇంటరప్టిబుల్ వెయిట్ (సిగ్నల్ వస్తే మధ్యలో ఆగేది) 0 తిరిగిస్తే టైమౌట్, మైనస్ ఇస్తే సిగ్నల్, రెండూ చూడండి.

జవాబు: కాల్‌బ్యాక్ రిటర్న్ (ఎన్ని బైట్లు వాడామో చెప్పే సంఖ్య) కూడా చూసుకోండి. పారేసిన బైట్లనూ వాడినట్టే లెక్కించాలి, లేదంటే అవే మళ్లీ వస్తాయి.