రేపే యాంకీస్–రెడ్ సాక్స్ మొదటి మ్యాచ్: అబ్బాయిని బ్రాంక్స్ తీసుకెళ్లనా?

వూస్టర్‌వాసి | సెప్టెంబరు 29, 2025, సాయంత్రం 6:20
అందరికీ నమస్కారం. ఆఫీసులో ఒకాయన రేపటి బేస్‌బాల్ ప్లేఆఫ్స్ మ్యాచ్‌కి రెండు టికెట్లు ఇస్తానంటున్నాడు. న్యూయార్క్ యాంకీస్ మీద మన బోస్టన్ రెడ్ సాక్స్, మూడింట్లో రెండు గెలిచినవాళ్లే ముందుకి. రాత్రి పదిలోపు చెప్పాలి. మావాడికి పదకొండేళ్లు. 2018లో రెడ్ సాక్స్ కప్పు గెలిచినరోజు నా ఒళ్లో నిద్రపోయాడు, వాడికి ఏమీ గుర్తులేదు. ఇప్పుడు ఒక్కో బ్యాటర్ లెక్కలూ నోటికి చెప్తాడు. రెడ్ సాక్స్ జెర్సీ వేసుకునే వస్తానంటున్నాడు. చిన్నపిల్లాడితో అక్కడ ఆ జెర్సీలో కూర్చోవచ్చా? కారులో వెళ్తే మంచిదా, రైలా?
ఆట సంగతికొస్తే నాకు పొద్దుట్నుంచి అన్నం దిగట్లేదు. ఈ సీజన్లో వాళ్ల మీద 13 మ్యాచ్‌ల్లో 9 గెలిచాం. కానీ మన బ్యాటర్ రోమన్ ఆంథొనీ పక్కటెముకల దగ్గర కండరం పట్టేసి సెప్టెంబరు మొదట్లోనే కూర్చున్నాడు. రేపు మన పిచర్ (బంతి వేసేవాడు) క్రోషే ఉన్నాడు, ఎల్లుండి బెయో. మూడోదాకా వెళ్తే బంతి ఎవరి చేతికిస్తారు? క్రోషేని రేపు ఎంతసేపు ఉంచితే మంచిది?

పిన్‌స్ట్రైప్స్_ఎడిసన్ | 6:41
రండి సార్, వచ్చి చూడండి. ఈ సీజన్లో 274 హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్లాంటివి) కొట్టాం, మొత్తం లీగ్‌లో మాదే ఎక్కువ. మా బ్యాటర్ జడ్జ్ ఒక్కడే 53. టొరాంటోకీ మాకూ సమానంగా 94 గెలుపులు, ముఖాముఖి లెక్కలో వాళ్లు పైన ఉండబట్టి గానీ లేకపోతే ఈ మూడు మ్యాచ్‌ల గండం మాకు ఉండేదే కాదు. 162 మ్యాచ్‌లు ఆడి మూడింట్లో తేల్చుకోవడం ఏం న్యాయం?

హార్ట్‌ఫర్డ్_అక్క | 6:55
వూస్టర్ తమ్ముడూ, తీసుకెళ్లు. మా ఇంట్లో ఆయన యాంకీస్, నేను రెడ్ సాక్స్. ఇరవై రెండేళ్ల కాపురం. 2004లో ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో యాంకీస్ 3-0తో ముందున్నప్పుడు, మూడో మ్యాచ్‌లో మనం 19-8 తేడాతో ఓడినరోజు, నేను టీవీ కట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయాను. నాలుగో రాత్రి తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, అంటే మామూలుగా ఆఖరిదాంట్లో, మన డేవ్ రాబర్ట్స్ రెండో బేస్ దొంగిలించాడు, ఎవరూ బంతి కొట్టకుండానే పరిగెత్తి చేరాడు. మా ఆయనకి అప్పటికే నిద్రపట్టింది, లేపలేదు. తర్వాత నాలుగూ మనమే గెలిచాం. 86 ఏళ్లు ఎదురుచూసిన కప్పు ఆ నెలలోనే వచ్చింది. నా పెద్దపిల్ల అప్పుడు కడుపులో ఉంది.
పిల్లాడికి అలాంటి రాత్రి ఒకటి ఉండాలి. గెలిచినా ఓడినా సరే.

కోచ్_నాషువా | 7:10
పన్నెండేళ్లుగా పిల్లలకు బేస్‌బాల్ కోచింగ్ ఇస్తున్నాను, రెండు జట్లను రాష్ట్రస్థాయి దాకా తీసుకెళ్లాను కాబట్టి చెప్తున్నాను. క్రోషేని 100 బంతుల దగ్గర తీసెయ్యాలి. మారు మాట్లాడకూడదు. ఒకే బ్యాటర్ అదే పిచర్‌ని మూడోసారి చూసేసరికి ఆ చెయ్యి ఎక్కడ్నుంచి వస్తుందో, ఏ బంతి ఎప్పుడు పడుతుందో కంటికి అలవాటైపోతుంది. తర్వాత వేయడానికి వెనకాల విట్‌లాక్ ఉన్నాడు, చాప్‌మన్ ఉన్నాడు. వాళ్లను కూర్చోబెట్టి అలసిన చేత్తో వేయించడం తెలివితక్కువతనం.

గుంటూరు_తెల్లవారుజాము | 7:18
కోచ్ గారూ, పిల్లల ఆట వేరు, ఇది వేరు. ఈ ఏడాది 205 ఇన్నింగ్స్ పైన వేసినవాడు, 255 మందిని స్ట్రైకౌట్ చేసినవాడు, దేశం మొత్తం మీద అందరికంటే ఎక్కువ. అలాంటివాడిని లెక్క చూసి బయటికి పంపిస్తారా? నేను తొమ్మిదేళ్లు బోస్టన్ పక్కన క్విన్సీలో ఉండి వచ్చాను. ఇక్కడ తెల్లవారుజామున 3:38కి మొదటి బంతి. అలారం పెట్టుకుని లేచేది క్రోషేని చూడటానికి, బుల్‌పెన్ (మార్పు పిచర్లు ఉండే చోటు) తలుపు తెరుచుకోవడం చూడటానికి కాదు.

కోచ్_నాషువా | 7:25
2003 గుర్తుందా? ఏడో మ్యాచ్, ఇదే యాంకీస్, ఇదే బ్రాంక్స్. 5-2తో ముందున్నాం. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మన పిచర్ పెడ్రో అలసిపోయాడని స్టేడియం మొత్తానికి తెలుసు. మన మేనేజర్ గ్రేడీ లిటిల్ మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) దాకా నడిచివెళ్లి, మాట్లాడి, వాడినే ఉంచి తిరిగొచ్చాడు. వాళ్ల మత్సుయి డబుల్ (రెండో బేస్ దాకా వెళ్లే దెబ్బ), పొసాడా డబుల్, స్కోరు 5-5. పదకొండో ఇన్నింగ్స్‌లో వాళ్ల ఆరన్ బూన్ హోమ్ రన్, ఓడిపోయాం. పెడ్రో ఆ రాత్రి 123 బంతులు వేశాడు. ఇంతకన్నా రుజువేం కావాలి?

పిన్‌స్ట్రైప్స్_ఎడిసన్ | 7:29
ఆ బూన్ ఇప్పుడు మా మేనేజర్.

గుంటూరు_తెల్లవారుజాము | 7:36
పెడ్రోకి అప్పటికి ముప్పై దాటాయి, భుజం బాగులేదు. క్రోషేకి 26. రెంటికీ పోలికేమిటండీ? ఈ జూన్ 13న మన ఫెన్వే స్టేడియంలో యాంకీస్ మీద ఏం జరిగింది? తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒకరు అవుటయ్యేదాకా సున్నా పరుగులు. మన మేనేజర్ కోరా నమ్మి ఉంచాడు.

కోచ్_నాషువా | 7:40
ఉంచాడు, జడ్జ్ 443 అడుగుల హోమ్ రన్ కొట్టాడు. మీరే చెప్పారు చూడండి.

గుంటూరు_తెల్లవారుజాము | 7:44
పదో ఇన్నింగ్స్‌లో 2-1తో గెలిచాం, అది చెప్పరే? ఒక్క పరుగిచ్చి ఎనిమిది ఇన్నింగ్స్ పైగా మోసినవాడిని తప్పుపడతారా? మంచి ఫాస్ట్ బౌలర్ ఊపు మీద ఉంటే ఏ కెప్టెనైనా ఇంకో ఓవర్ ఇస్తాడు.

కోచ్_నాషువా | 7:52
ఈ క్రికెట్ పోలికే వద్దంటాను. అక్కడ బౌలర్ని పక్కన పెట్టి, గంటాగి రెండో స్పెల్‌కి పిలుచుకోవచ్చు. ఇక్కడ పిచర్ ఒక్కసారి బయటికి వెళ్తే ఆ రాత్రికి మళ్లీ రాలేడు. అందుకే తీసే క్షణం తప్పితే అంతా తప్పుతుంది. ముందో బ్యాటర్, తర్వాతో బ్యాటర్, అంతే తేడా. ఈ ఒక్క సంగతి అర్థంకాని వాళ్లతో నేనేం వాదించను?

గుంటూరు_తెల్లవారుజాము | 7:55
అర్థంకాని వాళ్లం మేము, అర్థమైంది మీ ఒక్కరికే. బాగుంది. రూల్ మీరు చెప్తే తెలుసుకునే స్థితిలో నేను లేను సార్. 2013లో బోస్టన్‌లో బాంబు పేలిన సంవత్సరం మొత్తం ఆ జట్టుని చూసి బతికినవాణ్ణి.

హార్ట్‌ఫర్డ్_అక్క | 8:01
ఇద్దరూ ఒకే జట్టు వాళ్లు, ఎందుకర్రా ఇలా? పిల్లాడి సంగతి అడిగాడు పాపం, ఎవరూ చెప్పరేం?

క్వీన్స్_మెట్స్ | 8:06
మీకు కనీసం ఆట ఉంది. జూన్ 12న మా మెట్స్ 45 గెలుపులు, 24 ఓటములు, అప్పటికి అందరికంటే పైన. నిన్న మయామీలో 4-0తో ఓడి ఇంటికొచ్చారు. సిన్సినాటికీ మాకూ 83 గెలుపులే, వాళ్లు ప్లేఆఫ్స్ లోపల, మేం బయట. మా బ్యాటర్ సోటోకి 76 కోట్ల 50 లక్షల డాలర్లు. వాడు 43 హోమ్ రన్లు కొట్టాడు, తప్పు వాడిది కాదు. పిచింగ్ కూలిపోయింది. నా పక్కింటాయనకి 70 ఏళ్లు, 1986 తర్వాత ఇంకో కప్పు చూడలేదు. నిన్న ఆయన వాకిట్లోంచి జెండా తీసి మడతపెడుతుంటే నేను లోపలికొచ్చేశాను.

పిన్‌స్ట్రైప్స్_ఎడిసన్ | 8:10
బాధ అర్థమైంది గానీ, సోటోని మానుంచి తీసుకెళ్లింది మీరే కదా బ్రదర్.

ఓరుగల్లు_టు_బ్రాంక్స్ | 8:17
నేను స్టేడియంకు రెండు మైళ్ల దూరంల ఉంట. యాంకీస్ మనిషినే. అన్నా, మీ బాబును తోల్కరా, ఏం భయం లేదు. అరుస్తరు, ఎక్కిరిస్తరు, గంతే. చిన్నపోరగాళ్ల జోలికి ఎవ్వరు పోరు. మీరే తొమ్మిదో ఇన్నింగ్స్ అయినంక జర ఆగి దిగుండ్రి, మెట్ల మీద తోపులాట ఉంటది.
నా బాధ వేరే. రేపు మా ఇంట్ల సద్దుల బతుకమ్మ. మా అమ్మ ఊరి నుంచి అచ్చింది, ఈడ తంగేడు దొర్కదని రెండు రోజుల సంది బాధపడుతుంది. బంతి, చామంతి తెచ్చిన, తాంబాలంల వరుసలు పేరుస్తున్నం. ఆరింటికి అందరు చుట్టు చేరుతరు, ఆరు దాటి ఎనిమిది నిమిషాలకు మా పిచర్ మ్యాక్స్ ఫ్రీడ్ మొదటి బంతి ఏస్తడు. మూడో ఆట పడ్డదంటే అది దసరా నాడు. జమ్మి ఆకు పంచుకుంటనా, స్కోర్ చూసుకుంటనా?

హార్ట్‌ఫర్డ్_అక్క | 8:22
అమ్మ దగ్గరుండు. స్కోరు ఎక్కడికీ పోదు.

ఓరుగల్లు_టు_బ్రాంక్స్ | 8:24
నిజమే అక్కా. ఫోన్ అల్మారాల పెడ్త.

పిన్‌స్ట్రైప్స్_ఎడిసన్ | 8:31
అందరూ క్రోషే క్రోషే అంటున్నారు. మా కడుపుమంట ఎవరూ అడగరు. చాప్‌మన్ మావాడు, విట్‌లాక్ మా చిన్న జట్లలో పెరిగినవాడు, క్యాచర్ నార్వాయెస్‌ని పోయిన డిసెంబరులో మేమే ఇచ్చాం. మన వేలితో మన కన్నే పొడుచుకున్నట్టయింది. ఇక మా సొంత గొడవలు చూడండి. పోయినేడు వరల్డ్ సిరీస్ ఐదో మ్యాచ్, 5-0 ముందున్నాం. ఐదో ఇన్నింగ్స్‌లో జడ్జ్ చేతిలోకొచ్చిన క్యాచ్ జారింది, వోల్పే త్రో తప్పింది, మా పిచర్ కోల్ మొదటి బేస్ దగ్గరికి పరిగెత్తలేదు. ఐదు పరుగులూ పోయాయి. ఆ రాత్రి మా అబ్బాయి టోపీ తీసి మంచం కిందకి విసిరాడు, నెలరోజులు ముట్టుకోలేదు. ఈసారి కోల్ కూడా లేడు, మార్చిలోనే మోచేతికి ఆపరేషన్. జడ్జ్ బ్యాటింగ్ సగటు లీగ్‌లో .331, ప్లేఆఫ్స్‌లో ఇన్నేళ్లకీ కలిపి .205. ఇది తల్చుకుంటే నాకూ నిద్ర రాదు.

గుంటూరు_తెల్లవారుజాము | 8:38
చాప్‌మన్ మీకు ఇచ్చిన గుండెపోట్లు గుర్తున్నాయి. 2019లో అల్టూవే, 2020లో బ్రోసో, ఇద్దరూ వాడి బంతికి హోమ్ రన్లు కొట్టారు. ఈ ఏడాది మాత్రం వేరే మనిషి, 32 సేవ్‌లు (ఆధిక్యం నిలబెట్టి ముగించిన మ్యాచ్‌లు), ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చే పరుగుల సగటు) 1.17. అందుకే అంటున్నాను: క్రోషే ఎనిమిదిదాకా, ఆ తర్వాత నేరుగా చాప్‌మన్. మధ్యలో ఇంకెవరూ వద్దు.

కోచ్_నాషువా | 8:43
ఎనిమిదిదాకా అంటే 115 బంతులు. తర్వాత వారానికి చెయ్యి ఉండదు. నేను రాసిస్తాను, కావాలంటే దాచుకోండి.

గుంటూరు_తెల్లవారుజాము | 8:45
తర్వాత వారం ఉండాలంటే ముందు ఈ వారం గెలవాలి కదండీ! 2022లో ఈ మూడు మ్యాచ్‌ల పద్ధతి వచ్చినప్పట్నుంచి పోయినేడు దాకా 12 సిరీస్‌లు జరిగాయి. మొదటి మ్యాచ్ గెలిచినవాళ్లే 12కి 12 గెలిచారు. రేపు ఒక్క ఆటే సిరీస్ మొత్తం. దాచుకోవడానికేం లేదు.

కోచ్_నాషువా | 8:52
ఆ లెక్క నాకు తెలియదనుకుంటున్నారా? రేపు గెలవాలనే తీసెయ్యమంటున్నాను. ఏడో ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు తేడా ఉండి, ఇద్దరు బేస్ మీద ఉండి, జడ్జ్ నడిచొస్తుంటే మీరు 105 బంతులు వేసిన ఎడమచేతిని నమ్ముతారు. నేను నమ్మను. నా ముందు పన్నెండేళ్ల పిల్లాడు మోచెయ్యి పట్టుకుని ఏడిస్తే వాళ్లమ్మకి సమాధానం చెప్పుకున్నవాణ్ణి నేను. ఇంకొక్క బ్యాటర్ అనుకున్నాను ఆరోజు. అదే తప్పు.

గుంటూరు_తెల్లవారుజాము | 9:03
ఆ సంగతి ముందు చెప్పుంటే నేను అలా రాసేవాణ్ణి కాదు సార్. పిల్లల ఆట అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. జడ్జ్ దగ్గర మాత్రం నేను క్రోషేతోనే ఉంటాను.

మళ్లీ_డెవర్స్ | 9:08
బ్యాటింగ్ గురించి ఒక్కరూ మాట్లాడరేం? జూన్ 15న యాంకీస్‌ని మూడింటికి మూడు ఓడించిన రోజే మన బ్యాటర్ డెవర్స్‌ని శాన్ ఫ్రాన్సిస్కోకి పంపేశారు. 31 కోట్ల 35 లక్షల డాలర్ల ఒప్పందం, పదేళ్లు ఉంటాడని మా పాప వాడి పేరున్న జెర్సీ కొనిపించుకుంది. కసాస్ మే నెలలోనే మోకాలు పోయి పడ్డాడు. ఇప్పుడు ఆంథొనీ లేడు. పరుగులు ఎవరు చేస్తారు? బ్రెగ్మన్, స్టోరీ, ఇద్దరి మీదే భారం.

వూస్టర్‌వాసి | 9:15
నేనూ అదే అడిగాను మొదట్లో. డ్యూరన్ వేగంగా ఉన్నాడు, ఒక్కసారి బేస్ ఎక్కితే ఫ్రీడ్ గుండె కూడా అదురుతుంది. 2021లో ఒక్క మ్యాచ్ పద్ధతి ఉన్నప్పుడు ఫెన్వేలో 6-2తో గెలిచాం కదా, కోల్‌ని మూడో ఇన్నింగ్స్‌లోనే ఇంటికి పంపించాం. అక్కడ స్టాంటన్ కొట్టిన బంతి పచ్చగోడకి తగిలి ఆగింది, జడ్జ్ హోమ్ ప్లేట్ దగ్గర అవుటయ్యాడు. బ్రాంక్స్‌లో ఆ గోడ లేదు. కుడివైపు కంచె 314 అడుగులే. గాల్లోకి లేచిన ప్రతి బంతికీ నా ప్రాణం పోతుంది.

పిన్‌స్ట్రైప్స్_ఎడిసన్ | 9:21
ఫెన్వేలో కుడివైపు స్తంభం 302 అడుగులే సార్. అది చెప్పరు మీరు.

వూస్టర్‌వాసి | 9:26
ఒప్పుకున్నాను. సరే, ఇంకో అరగంటే ఉంది. ఎలా వెళ్లాలో ఎవరైనా చెప్పండి. మావాడు మెట్ల మీద కూర్చుని నా మొహమే చూస్తున్నాడు.

క్వీన్స్_మెట్స్ | 9:31
కారు బ్రాంక్స్ దాకా తీసుకెళ్లకండి. న్యూ హేవెన్ స్టేషన్లో పెట్టి మెట్రో నార్త్ ఎక్కండి. మ్యాచ్ రోజుల్లో నేరుగా యాంకీస్, 153వ వీధి స్టేషన్లో దిగొచ్చు. తిరిగి వచ్చేటప్పుడు చివరి రైలు టైము ముందే చూసుకోండి. రాత్రి చలి ఉంటుంది, పిల్లాడికి జెర్సీ లోపల స్వెటర్ వేయండి, పైన కాదు. లోపలేస్తే పేరు కనిపిస్తుంది.

వూస్టర్‌వాసి | 9:48
టికెట్లు తీసుకున్నాను. చాలా థాంక్స్ అండీ. వాడికి చెప్పగానే గ్లవ్ తెచ్చి నూనె రాయడం మొదలుపెట్టాడు. ఫౌల్ బాల్ మనవైపే వస్తుందట. వెనకాల కూర్చునేవాళ్లకి అడ్డమొస్తుందని టోపీ మాత్రం తీసేస్తాడట. ఉదయం పదకొండింటికి బయల్దేరతాం.

ఓరుగల్లు_టు_బ్రాంక్స్ | 9:53
అన్నా, తొందరగ దిగితే ఇంటికి రాండ్రి. ఐదింటికల్ల సద్దులు రెడీ ఉంటయ్. సత్తుపిండి, పెరుగన్నం, మా అమ్మ చేసిన మలీద. ఎర్ర జెర్సీతోనే రానియ్యు బాబును, మా అమ్మకు ఏ జట్టు ఏదో తెల్వదు.

కోచ్_నాషువా | 9:57
బాబుకి చెప్పండి, క్రోషే మౌండ్ దిగేటప్పుడు ఎన్నో బంతో రాసుకోమని. రాత్రికి ఇక్కడ పెట్టండి.