రెండు ఫీచర్లు కలిపితే గార్డ్ మాయమవుతోంది, డెల్టా రూల్స్ క్రమం ఎలా పెట్టాలి?

ప్రశ్న:
లిఫ్ట్ కంట్రోలర్ ప్రొడక్ట్ లైన్ (ఒకే బేస్ నుంచి, ఎంచుకున్న ఫీచర్లను బట్టి తయారయ్యే ప్రొడక్ట్‌ల కుటుంబం). బేస్ మోడల్ ఒక స్టేట్ మెషీన్ (స్టేట్‌లు, ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లే ట్రాన్సిషన్లు ఉన్న మోడల్). ప్రతి ఐచ్ఛిక ఫీచర్‌కీ ఆ బేస్‌ని మార్చే డెల్టా రూల్ ఒకటి, హెన్షిన్ అనే మోడల్ మార్పిడి టూల్‌లో రాసింది. ‘ఓవర్‌లోడ్’ రూల్ ‘ఆగింది’ నుంచి ‘కదులుతోంది’కి వెళ్లే ట్రాన్సిషన్‌కి బరువు గార్డ్ (ట్రాన్సిషన్ జరగాలంటే నిజం కావాల్సిన షరతు) తగిలిస్తుంది. ‘ఫైర్ మోడ్’ రూల్ అదే ట్రాన్సిషన్‌ని తీసేసి, మధ్యలో ‘కీ తనిఖీ’ అనే స్టేట్ పెడుతుంది. విడివిడిగా రెండూ సరిగ్గా నడుస్తున్నాయి. రెండూ ఎంచుకుంటే గార్డ్ ఉండదు, ఎర్రర్ కూడా రాదు. క్రమం తిప్పినా అంతే. రూల్స్ అన్నీ లూప్ యూనిట్లలో (ప్యాటర్న్ సరిపోయినంతసేపూ రూల్‌ని మళ్లీ మళ్లీ నడిపేవి) ఉన్నాయి.

జవాబు 1:
క్రమం మార్చినంత మాత్రాన తేలేది కాదు. ఫైర్ ముందు నడిస్తే ట్రాన్సిషనే ఉండదు, ఓవర్‌లోడ్‌కి మ్యాచ్ (రూల్ ప్యాటర్న్‌కి సరిపోయే చోటు) దొరకదు. ఓవర్‌లోడ్ ముందు నడిస్తే, ఆ గార్డ్ ట్రాన్సిషన్‌తో పాటే పోతుంది. (గార్డ్ అట్రిబ్యూట్, అంటే ట్రాన్సిషన్‌లోనే ఉండే విలువ, అయితేనే ఇలా. విడి నోడ్ అయితే డాంగ్లింగ్ కండిషన్ (ఒక కొస తెగి వేలాడే లింకులు మిగిలేలా దేన్నీ తీసెయ్యకూడదనే నియమం) అడ్డుపడి ఫైర్ రూలే నడవదు.)

మూడో రూల్ రాయండి. ‘ఓవర్‌లోడ్’, ‘ఫైర్ మోడ్’ రెండూ ఎంచుకున్నప్పుడే, ఆ రెండు రూల్స్ తర్వాతే నడవాలి. ‘కీ తనిఖీ’ నుంచి బయటికి వెళ్లే ట్రాన్సిషన్‌కి గార్డ్ పెట్టడమే దాని పని.

ఎర్రర్ రాకపోవడానికి కారణం లూప్ యూనిట్. మ్యాచ్ ఒక్కటీ దొరక్కపోయినా అది విజయమనే చెబుతుంది. ఒక్కసారే నడవాల్సిన రూల్స్‌ని సీక్వెన్షియల్ యూనిట్‌లోకి (వరసగా ఒక్కోసారి నడిపేది) మార్చి, స్ట్రిక్ట్ ఆన్‌లో ఉంచండి; అప్పుడు ఏ రూల్ నడవకపోయినా యూనిట్ విఫలమైందని తెలుస్తుంది.

జవాబు 2:
మూడో రూల్ కన్నా ఫైర్ రూల్‌నే మార్చడం మేలు. ట్రాన్సిషన్‌ని తీసెయ్యకుండా, దాని టార్గెట్‌ని ‘కీ తనిఖీ’కి తిప్పి, అక్కడి నుంచి ‘కదులుతోంది’కి కొత్తది కలపండి. ఎలిమెంట్ అదే కాబట్టి గార్డ్ నిలుస్తుంది. ఓవర్‌లోడ్ మాత్రం ముందే నడవాలి, ఎందుకంటే దాని ప్యాటర్న్ పాత టార్గెట్‌నే వెతుకుతుంది.

ఒక్కటి ఆలోచించుకోండి: ఇలా చేస్తే బరువు చూసేది కీ తనిఖీకి ముందు. ఆ తర్వాత ఎవరైనా ఎక్కితే పట్టుకోదు. అది ముఖ్యమైతే జవాబు 1 దారే సరైనది.

జవాబు 3:
మిగతా ఫీచర్లలోనూ ఇలాంటివి ఉండొచ్చు. పరస్పరం స్వతంత్రమైన ఐచ్ఛిక ఫీచర్లు 12 ఉంటే ప్రొడక్ట్‌లు 4096, జంటలు మాత్రం 66. హెన్షిన్‌లోని కాన్‌ఫ్లిక్ట్ అనాలిసిస్‌ని (ఒక రూల్ ఇంకో రూల్‌కి అడ్డొస్తుందా అని చూసేది) జంటల మీద నడపండి. ఫీచర్ మోడల్ (ఏ ఫీచర్లు కలిసి ఉండొచ్చో చెప్పేది) అనుమతించని జంటల్ని ముందే శాట్ సాల్వర్‌తో (షరతులన్నీ ఒకేసారి నిజం కాగలవా అని తేల్చే ప్రోగ్రామ్) తీసేయండి, లేకపోతే ఎప్పటికీ రాని కాన్‌ఫ్లిక్ట్‌ల రిపోర్టులో అసలువి మునిగిపోతాయి. మూడు ఫీచర్లు కలిస్తేనే వచ్చే తేడాలు ఇందులో దొరకవు.