సంపు గేటు తెరుచుకోవడం లేదు, లెక్క ఎక్కడ తప్పుతోందో చెప్పండి

భీమిలి హేచరీ:
పొద్దున ఆరింటి నుంచి ఇదే పని, ఇప్పుడు రాత్రి తొమ్మిదయింది. మా రొయ్యపిల్లల హేచరీలో సముద్రపు నీళ్ల సంపు ఉంది. 8 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, ఇప్పుడు 1,92,000 లీటర్ల నీళ్లున్నాయి. పక్క ఛాంబర్‌లోకి నీళ్లు వదిలే ఇనుప గేటు 1 మీటరు వెడల్పు, 1.5 మీటర్ల ఎత్తు. 2 టన్నుల చైన్ పుల్లీ వేసి నలుగురం లాగినా కదల్లేదు. నీళ్ల బరువే 192 టన్నులు కదా, ఎన్ని టన్నుల పుల్లీ తేవాలో లెక్కేద్దామని కూర్చుంటే మూడుసార్లకీ మూడు జవాబులొచ్చాయి. రేపు మధ్యాహ్నానికి ట్యాంకులకి నీళ్లు అందాలి. చాలా టెన్షన్‌గా ఉంది. ఫార్ములా ఎవరైనా చెప్పండి.

ఆటోనగర్ వెల్డర్:
లీటర్లు అక్కర్లేదు. గేటు పై అంచు మీద నీళ్లెంత? హింజ్ ఎక్కడ? ఎటు తెరుచుకుంటుంది?

పాత డాక్ మనిషి:
బాబూ, ముందు ఒక మాట. 192 టన్నులు మంచినీళ్ల లెక్క. సముద్రపు నీరు ఘనపు మీటరుకి సుమారు 1025 కిలోలు, కాబట్టి మీ సంపులో ఉన్నది 197 టన్నులు. డ్రైడాక్‌లో, అంటే నీళ్లు తోడేసి ఓడలు రిపేరు చేసే చోట, పనిచేసినన్నాళ్లూ మాకు నూరిపోసింది ఇదే. డాక్ గేటు దగ్గర ఏ లెక్కయినా రెండు ప్రశ్నలతో మొదలుపెట్టేవాళ్లం: ఉప్పునీరా మంచినీరా, అవతలి మట్టం ఎంత. మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. మీ పక్క ఛాంబర్‌కి సముద్రంతో లింకు ఉంటే గంటగంటకీ లెక్క మారిపోతుంది. లింకు ఉందా?

ఎంవీపీ లెక్కల మాస్టారు:
సంపులో మొత్తం నీళ్ల బరువుకీ గేటు మీద పడే బలానికీ సంబంధం లేదండీ. నీళ్ల బరువు అడుగు మోస్తుంది. గేటు మీద పడేది పీడనం వల్ల వచ్చే బలం. పీడనం లోతుని బట్టి ఉంటుంది, సంపు ఎంత పెద్దదన్న దాన్ని బట్టి కాదు. మీ సంపులో 3 మీటర్ల లోతున ఎంత పీడనమో, రుషికొండ దగ్గర సముద్రంలో 3 మీటర్ల లోతునా నీటి వల్ల అంతే పీడనం. అక్కడ సముద్రం ఎంత ఉందన్నది లెక్కలోకే రాదు. పీడనం, బలం అనే రెండు మాటల్నీ ఒకటిగా వాడటం వల్లే మీకు మూడు జవాబులొచ్చాయి.

భీమిలి హేచరీ:
సంపులో నీళ్లు 3 మీటర్లు. గేటు కింది అంచు నేలని ఆనుకుని ఉంది. హింజ్ పైనే. సంపు లోపలికి, అంటే నీళ్లవైపు తెరుచుకుంటుంది. అవతలి ఛాంబర్ ఖాళీ, సముద్రంతో లింకు లేదు. నేను బలం కట్టి, పై నుంచి మూడింట రెండు వంతుల దూరంతో గుణించాను. పాలిటెక్నిక్‌లో అలాగే నేర్పారు.

సివిల్ ఫైనలియర్:
అన్నా, ఆ మూడింట రెండు వంతుల రూలు నీటి మట్టం సరిగ్గా గేటు పై అంచు దగ్గర ఉంటేనే. మీకు పై అంచు మీద ఇంకో 1.5 మీటర్ల నీళ్లున్నాయి. గేటు మధ్యబిందువు లోతు 2.25 మీటర్లు. బలం = నీటి సాంద్రత × గురుత్వ త్వరణం × మధ్యబిందువు లోతు × గేటు వైశాల్యం = 1025 × 9.81 × 2.25 × 1.5, అంటే దాదాపు 33.9 కిలోన్యూటన్లు. ఇది మధ్యబిందువు కన్నా కొంచెం కింద పనిచేస్తుంది. ఎంత కిందో తెలియాలంటే జడత్వ భ్రామకం (గేటు వెడల్పు × ఎత్తు ఘనం ÷ 12) 0.28125ని 2.25 × 1.5తో భాగించాలి. 0.083 మీటర్లు వస్తుంది. హింజ్ నుంచి 0.75 + 0.083 = 0.833 మీటర్లు. టార్క్, అంటే హింజ్ చుట్టూ తిప్పే ప్రభావం (బలం × దూరం), 28.3 కిలోన్యూటన్ మీటర్లు. కింది అంచు దగ్గర గేటుకి అడ్డంగా లాగితే 18.9 కిలోన్యూటన్లు, అంటే 1.92 టన్నులు కావాలి. మీరు మూడింట రెండు వంతులు తీసుకుంటే 2.3 టన్నులు వచ్చి ఉంటుంది.

భీమిలి హేచరీ:
అవును, 2.3 వచ్చింది! కానీ నీ లెక్కే కరెక్టయితే 2 టన్నుల పుల్లీకి కాస్తయినా కదలాలి కదా తమ్ముడూ?

ఎంవీపీ లెక్కల మాస్టారు:
ఫైనలియర్ బాబూ, లెక్క బాగుంది, పేరు సరిచెయ్యాలి. జడత్వ భ్రామకంలో ద్రవ్యరాశి ఉంటుంది. ఇక్కడ ఉన్నది వైశాల్యం మాత్రమే. దీన్ని వైశాల్య ద్వితీయ భ్రామకం అనాలి. అలాగే టార్క్ అనే మాట ఇంజనీరింగ్‌లో ఎక్కువగా షాఫ్టుని తిప్పేదానికి వాడతారు. గేటుకి బల భ్రామకం అంటే బాగుంటుంది.

సివిల్ ఫైనలియర్:
మాస్టారూ, మా క్లాసులో అన్నిటికీ మూమెంటే అంటారు. టార్క్‌కీ బల భ్రామకానికీ యూనిట్లు ఒకటే కదా.

ఆటోనగర్ వెల్డర్:
చైన్ ఎటు లాగుతోంది?

భీమిలి హేచరీ:
గేటుకి పైన బీమ్ ఉంది, అక్కణ్ణుంచి నిటారుగా. కింది అంచుకి కొక్కెం వెల్డ్ చేశాం, గేటు నుంచి 10 సెంటీమీటర్లు ముందుకి ఉంటుంది.

ఆటోనగర్ వెల్డర్:
అయితే 20 టన్నులు పెట్టినా రాదు. హింజ్‌ని పైకి లాగుతున్నారు, గేటుని కాదు.

సివిల్ ఫైనలియర్:
అన్న చెప్పింది కరెక్ట్. చైన్ గీతకీ హింజ్‌కీ మధ్య దూరం 10 సెంటీమీటర్లే. 2 టన్నులతో 1.96 కిలోన్యూటన్ మీటర్లు వస్తుంది. కావాల్సింది 28.3. పుల్లీని లోపలికి జరిపి చైన్‌ని 45 డిగ్రీల వాలులో లాగినా 2.5 టన్నులకి పైనే పడుతుంది. నీళ్లు గేటు పై అంచు దాకా దిగితే మాత్రం టార్క్ 11.3కి పడిపోతుంది, అదే వాలులో 1.1 టన్ను చాలు.

పాత డాక్ మనిషి:
బలంతో లాగే పని అసలు పెట్టుకోవద్దు బాబూ. డాక్‌లో నిండు మట్టం మీద గేటు ఎవరూ తెరవరు, రెండు వైపులా మట్టం సమానం చేశాకే తెరుస్తారు. పంపుతో సంపులోంచి ఆ పక్క ఛాంబర్‌లోకే తోడండి. ఇటు దిగుతుంది, అటు పెరుగుతుంది. మట్టాలు కలిశాక గేటు మీద నికర బలం సున్నా. ఛాంబర్ కొలత ఎంత? చైన్ బిగిసి ఉన్నంతసేపూ దాని ఎదురుగా ఎవర్నీ నిలబడనివ్వకండి.

భీమిలి హేచరీ:
2 మీటర్లు, 8 మీటర్లు.

సివిల్ ఫైనలియర్:
అయితే రెండు వైపులా 2.4 మీటర్ల దగ్గర కలుస్తాయి. తోడాల్సింది 38,400 లీటర్లే. ఛాంబర్ అవుట్‌లెట్ మూసి ఉంచండి.

ఎంవీపీ లెక్కల మాస్టారు:
యూనిట్లు ఒకటైనంత మాత్రాన రెండూ ఒకటి కావు. పనికి కూడా న్యూటన్ మీటరే యూనిట్. మరి పనినీ మూమెంట్ అంటామా? పిల్లలకి మొదటే సరైన మాట చెప్పాలన్నదే నా బాధ.

భీమిలి హేచరీ:
తెల్లారి నాలుగున్నరకి మట్టాలు కలిశాయి. పుల్లీని లోపలికి జరిపాం, గొలుసు ఒంటిచేత్తో లాగితే గేటు వచ్చేసింది. థాంక్సండీ అందరికీ, ట్యాంకుల దగ్గరికి పోతున్నా.

పాత డాక్ మనిషి:
సంతోషం బాబూ. నిన్నంతా 2 టన్నులు హింజ్ మీదే పడ్డాయి. పిన్ను వంగిందేమో చూశారా?