ఎయిర్ రైఫిల్‌కి ఐస్ టార్గెట్: మేడ మీద కాల్చొచ్చా?

మల్కాజ్‌గిరి_177:
0.177 అంగుళాల (4.5 మి.మీ.) బోరు ఎయిర్ రైఫిల్, పెల్లెట్ శక్తి సుమారు 10 జౌల్స్. ఐస్ గడ్డలు పగులుతుంటే చూడ్డానికి బాగుంటుంది, కరిగిపోతాయి కాబట్టి ఊడ్చే పనీ ఉండదు. మేడ మీద పిట్టగోడ ముందు పెట్టి 8 మీటర్ల నుంచి కాల్చాలని ఉంది. పెల్లెట్ వెనక్కి తుళ్ళుతుందా? ఫ్రిజ్ ఐస్ మేలా, ఫ్యాక్టరీ దిమ్మ మేలా?

పెల్లెట్_ట్రాప్:
ఐస్ సంగతి తర్వాత, ముందు మేడ ఆలోచన మానుకోండి. పిట్టగోడ మీదుగా దాటిన పెల్లెట్ వందల మీటర్లు పోతుంది. అటువైపు ఎవరి మేడ మీద ఎవరు బట్టలు ఆరేస్తున్నారో మీకు కనపడదు. దాటకుండా గోడకే తగిలినా సిమెంటు మీద సీసం చదునై వెనక్కి ఎగురుతుంది. 20 జౌల్స్ లోపు, 4.5 మి.మీ. బోరుకు లైసెన్స్ అక్కర్లేదు, నిజమే. కానీ ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చే నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ ఉంది.

శేరిలింగంపల్లి_షూటర్:
దిమ్మ అసలు వద్దండీ. అంత బరువున్నది కదలదు, పైన తడిసి నున్నగా ఉంటుంది. ఏటవాలుగా తగిలితే పెల్లెట్ జారి ఏ పక్కకు పోతుందో చెప్పలేం. ట్రేలో గడ్డలు పగులుతాయి గానీ అంచుకు తగిలితే అదే ఇబ్బంది.

పనికొచ్చేది పల్చటి బిళ్ళ. డబ్బా మూతలో 5 మి.మీ. నీళ్ళు పోసి గడ్డకట్టించండి. పెల్లెట్ దాన్ని పగలగొట్టి నేరుగా బిళ్ళ అవతలికి పోతుంది. అంటే దాన్ని ఆపాల్సింది ఐస్ కాదు, వెనకున్న ట్రాప్. చెక్కపెట్టెలో 30 సెం.మీ. లోతున పాత గుడ్డలు గట్టిగా కూరి, వెనక 3 మి.మీ. ఇనుప రేకు పెట్టండి. పెట్టె ముఖం మీరు గురి తప్పే వెడల్పుకన్నా బాగా పెద్దదిగా ఉండాలి. బిళ్ళని పెట్టెకు ఆనించకండి, 30 సెం.మీ. ముందు ట్రేలో నిలబెట్టండి. కరిగిన నీళ్ళు గుడ్డల్లోకి దిగితే బరువెక్కి కిందికి జారతాయి, పైన ఖాళీ ఏర్పడుతుంది. అప్పుడప్పుడూ గుడ్డలు తీసి తిరగేయాలి, లేకపోతే ఒకేచోట పేరుకున్న సీసానికి తగిలి కొత్త పెల్లెట్ వెనక్కి వస్తుంది.

మే నెలలో బయట పెట్టిన బిళ్ళ నిమిషాల్లో నీరవుతుంది. థర్మాకోల్ డబ్బాలోంచి ఒక్కొక్కటే తీయండి. మార్చడానికి ముందుకు వెళ్ళేటప్పుడు రైఫిల్ ఖాళీ చేసి, కింద పెట్టి వెళ్ళాలి.

మల్కాజ్‌గిరి_177:
మేడ మానేస్తున్నా. కింద ప్రహరీ లోపల, ఇంటి గోడ ముందు ట్రాప్ పెడితే? స్టీల్ బీబీలు (చిన్న గుండ్రటి గుళ్ళు) కూడా ఉన్నాయి, అవి వాడొచ్చా?

పెల్లెట్_ట్రాప్:
బీబీలు వద్దే వద్దు. స్టీల్ చదునవ్వదు, గట్టిదానికి తగిలితే వేగం పెద్దగా తగ్గకుండానే తిరిగొస్తుంది. సీసం పెల్లెట్లే, అవీ చదును మొన ఉన్నవి. గోడ ముందు సరే, కానీ ఆ గోడకు కిటికీ, తలుపు ఉండకూడదు, కాల్చే దారిలోకి గేటు తెరుచుకోకూడదు. పక్కన నిలబడ్డవాళ్ళకి కూడా పాలీకార్బొనేట్ కళ్ళద్దాలు తప్పనిసరి.

శేరిలింగంపల్లి_షూటర్:
ఇంకోటి. పిల్లలు ఐస్ ముక్క కనపడితే నోట్లో పెట్టుకుంటారు. పగిలిన ముక్కల్లో సీసం తునకలు ఉంటాయి. కాల్చడం అవగానే ట్రేలోవీ, నేలమీదవీ ఎత్తి మూతున్న డబ్బాలో వేయండి, ఆ నీళ్ళు మొక్కలకు పోయకండి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే మంచినీళ్ళైనా తాగండి.