క్వెజాన్ కాగితాలు ఎక్కడ చదవాలి? 1933లో ఆయన స్వాతంత్ర్య చట్టాన్ని ఎందుకు కాదన్నారు?

తూర్పుతీరం:

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా ఫిలిప్పీన్స్‌లోని క్వెజాన్ సిటీలో కాపురం ఉంటున్నాను. ఈ నగరానికి ఎవరి పేరు పెట్టారో ఆ మనువెల్ క్వెజాన్ (దేశం అమెరికా పాలనలో ఉన్నప్పుడు స్వాతంత్ర్యం కోసం పనిచేసిన నాయకుడు, 1935 నుంచి అధ్యక్షుడు) గురించి తెలుగులో ఒక వివరమైన వ్యాసం రాయాలని పూనుకున్నాను. ఇక్కడ 20 పెసోల నాణెం మీద ఉన్నది ఆయన ముఖమే. నగరం నడిమధ్య స్మారక వలయంలో 66 మీటర్ల ఎత్తున లేచిన మూడు స్తంభాల కింద ఆయన సమాధి ఉంది. ఈ దేశంలో వైద్యవిద్య చదువుతున్న మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. ఆ నాణెం రోజూ వాళ్ల చేతుల్లోనే ఉంటుంది. ఆ మనిషి ఎవరో చెప్పే తెలుగు పేజీ మాత్రం ఒక్కటీ నాకు కనబడలేదు. వ్యాసం రాయాలనుకున్నది అందుకే.

నా సందేహాలు రెండు.

ఆయన ఉత్తరాలు, దస్త్రాలు ఎక్కడున్నాయి? మామూలు మనిషి వెళ్లి చూడవచ్చా?

రెండోది నన్ను బాగా కలవరపెడుతోంది. ఆయన తోటి ఫిలిప్పీన్స్ నాయకులు ఓస్మేన్యా, రోహాస్ ఇద్దరూ వాషింగ్టన్‌లో కూర్చుని సాధించిన స్వాతంత్ర్య చట్టాన్ని అమెరికా కాంగ్రెస్ 1933 జనవరిలో అధ్యక్షుడు హూవర్ వీటోను కూడా కాదని ఆమోదించింది. అదే ఏడాది అక్టోబరులో క్వెజాన్ మనీలా శాసనసభ చేత దాన్ని తిరస్కరింపజేశారు. ఆ తర్వాత తానే వాషింగ్టన్ వెళ్లి 1934 మార్చిలో టైడింగ్స్-మెక్‌డఫీ అనే మరో స్వాతంత్ర్య చట్టం తెచ్చుకున్నారు. రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. చాలా భాగం ఒక్కటే! జీవితమంతా స్వాతంత్ర్యం అడిగిన మనిషి చేతికొచ్చినదాన్ని ఎలా వదులుకున్నారు? ఆ పేరు తనకే దక్కాలనా?

దస్త్రాలగది:

తూర్పుతీరం గారూ, మీ ప్రశ్న చూసి చాలా సంతోషించాను. గుంటూరులో డిగ్రీ విద్యార్థులకు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు అమెరికాలో, ఆన్ ఆర్బర్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడి మిచిగన్ విశ్వవిద్యాలయపు బెంట్లీ చారిత్రక గ్రంథాలయంలో క్వెజాన్ కాగితాల మైక్రోఫిల్ము ఉంది. నా పగటి వేళలు ఎక్కువగా దాని ముందే గడుస్తున్నాయి.

అసలు కాగితాలు మీ దగ్గరే ఉన్నాయి. మనీలాలో రిజాల్ పార్కు పక్కన కలావ్ వీధిలోని నేషనల్ లైబ్రరీ వాటిని భద్రపరుస్తోంది. 2011లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. ముందుగా ఉత్తరం రాసి, ఏ ఏడాది, ఏ విషయం అన్నది స్పష్టంగా చెప్పి అనుమతి అడగండి. ‘క్వెజాన్ గురించి చూడాలి’ అని మాత్రమే అడిగితే ఎంత సహృదయులైన సిబ్బందికైనా ఏ పెట్టె తీసివ్వాలో తోచదు. తొలి ఏళ్ల ఉత్తరాల్లో స్పానిష్‌వి చాలా ఉంటాయి కనుక ఆ భాష తెలిసినవారిని తోడు తీసుకెళ్లడం మంచిది. 1909లో రెసిడెంట్ కమిషనర్‌గా, అంటే ఫిలిప్పీన్స్ ప్రతినిధిగా, అమెరికా ప్రతినిధుల సభకు వెళ్లేనాటికి ఆయనకు ఇంగ్లిష్ అంతగా రాదు, పనిలో పడ్డాకే పట్టుదలగా నేర్చుకున్నారు. ఆ పదవిలో ఉన్నవారు సభలో మాట్లాడవచ్చు కానీ ఓటు వేయలేరు. ఆయనను అర్థం చేసుకోవడానికి నాకు అన్నిటికన్నా ఉపయోగపడిన విషయం ఇదే. ఓటు లేని మనిషి ఓటున్నవాళ్ల చేత పని చేయించాలి. విందులు, ఉత్తరాలు, పత్రికలు, స్నేహాలు, అవసరమైతే ఇద్దరికి రెండు రకాలుగా చెప్పడం, ఇవే ఆయన ఆయుధాలు. 1912 నుంచి వాషింగ్టన్‌లో సొంతంగా ఒక పత్రిక నడిపారు. సుస్థిర ప్రభుత్వం ఏర్పడగానే స్వాతంత్ర్యం ఇస్తామన్న మాట 1916 నాటి జోన్స్ చట్టం పీఠికలోకి ఎక్కడం వెనుక ఆ ఏళ్ల శ్రమ ఉంది.

ఇక మీ రెండో ప్రశ్న. ముందు అమెరికా వైపు చూడండి. 1933 నాటికి అక్కడ ఆర్థిక మాంద్యం. ఫిలిప్పీన్స్ చక్కెర సుంకం లేకుండా వస్తోందని అక్కడి బీట్ దుంప రైతులకు కోపం. కొబ్బరినూనె తమ వెన్న మార్కెట్టును దెబ్బతీస్తోందని పాడి రైతులకు కోపం. ఫిలిప్పీన్స్ కూలీలు రాకూడదని కార్మిక సంఘాల పట్టు. దయతో ఓటేసినవాళ్లు లేకపోలేదు, కానీ చట్టాన్ని గట్టెక్కించింది ఈ మూడు వర్గాల ఒత్తిడే. అందుకే ఆ దేశం నుంచి వలస వచ్చేవారిని ఏడాదికి 50 మందికి కుదించారు. ముడి చక్కెర 8 లక్షల టన్నులు, కొబ్బరినూనె 2 లక్షల టన్నులు దాటితే సుంకం కట్టాలన్నారు. అమెరికా సరుకు మాత్రం పరిమితి లేకుండా ఫిలిప్పీన్స్‌లోకి దిగవచ్చు! ఆఖరుకు 1934 చట్టంలో నిలిచిన లెక్కలు కూడా ఇవే.

క్వెజాన్ చెప్పిన అభ్యంతరాలు నాలుగు: వాణిజ్యం, వలస, అమెరికా తరఫున ఉండే హైకమిషనర్ అధికారాలకు హద్దు లేకపోవడం, సైనిక స్థావరాలు. కొత్త చట్టంలో నిజంగా మారింది చివరిదే. సైన్యపు స్థావరాలు పోయాయి, నౌకా స్థావరాల సంగతి స్వాతంత్ర్యం వచ్చాక చర్చించుకుందామన్నారు. మిగతా మూడూ దాదాపు ఉన్నచోటే ఉన్నాయి.

పేరు కోసమేనా అంటే, పేరు కోసం కూడా. ఇది దాచనక్కర్లేదు. ఆ చట్టాన్ని ఓస్మేన్యా, రోహాస్ తెచ్చారన్న కీర్తితో వాళ్లు రాబోయే ప్రభుత్వానికి వారసులవుతారు. అందుకే ఆయన ముందు రోహాస్‌ను స్పీకరు పదవి నుంచి దింపించారు, ఆ తర్వాతే తిరస్కార తీర్మానం వచ్చింది. అయితే స్వతంత్ర దేశం మీద పరాయి సైన్యం శాశ్వతంగా కూర్చోవడాన్ని ఆయన ఒప్పుకోలేదన్నది కూడా అంతే నిజం. ఒకే పనిలో స్వార్థం, దేశహితం కలిసి ఉన్నప్పుడు ఒకదాన్ని తీసేసి రెండోదాన్ని మాత్రమే చెప్పే వ్యాసం నాకు రుచించదు. మన దగ్గరా 1935 భారత ప్రభుత్వ చట్టాన్ని తిట్టిపోసిన కాంగ్రెస్సే 1937లో మద్రాసులో రాజాజీ నాయకత్వాన మంత్రివర్గం కట్టింది. ప్రకాశం పంతులు గారు, గిరి గారు అందులో మంత్రులే. అరకొర చట్టాన్ని తిట్టాలా, వాడుకోవాలా అన్న ఇరకాటం ఆనాడు పరాయి పాలనలో ఉన్న ప్రతి దేశానికీ ఎదురైనదే.

మరొక మాట. క్వెజాన్ మనసు తెలియాలంటే క్వెజాన్ పెట్టెలొక్కటే చాలవు. స్వదేశంలోవాళ్లకు చెప్పినది, అమెరికావాళ్లకు చెప్పినది ఆయన వేర్వేరుగా ఉంచేవారు. సభల్లో తక్షణ స్వాతంత్ర్యం కావాలని గర్జిస్తూనే, వాషింగ్టన్ అధికారులతో లోపాయికారీగా కొంత గడువున్నా సరేననేవారని చరిత్రకారులు రాశారు. వాళ్లకు ఆధారం ఫిలిప్పీన్స్ వ్యవహారాలు చూసిన అమెరికా ప్రభుత్వ శాఖ, ద్వీప వ్యవహారాల బ్యూరో దస్త్రాలు. అవి మేరీలాండ్‌లోని కాలేజ్ పార్కులో, అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో 350వ రికార్డు గ్రూపుగా ఉన్నాయి. ఫిలిప్పీన్స్‌లో అమెరికా చివరి గవర్నర్ జనరల్ ఫ్రాంక్ మర్ఫీ కాగితాలు, వైస్ గవర్నర్‌గా చేసిన ప్రొఫెసర్ హేడెన్ కాగితాలు ఈ బెంట్లీలోనే ఉన్నాయి. ఒకే సంఘటనను క్వెజాన్ ఉత్తరంలో ఒకసారి, మర్ఫీ కాగితాల్లో ఒకసారి చదవండి. అప్పుడు కానీ ఆ మనిషి పూర్తిగా కనబడడు.

మంజీర:

మాస్టారూ, మీరు ఆయన పట్ల కాస్త మెత్తగా ఉన్నారనిపిస్తోంది. 1943 సంగతి కూడా చెప్పండి. జపాన్ దేశాన్ని ఆక్రమించాక వాషింగ్టన్‌లో ప్రవాస ప్రభుత్వం నడుపుతున్నప్పుడు రాజ్యాంగం ప్రకారం నవంబరు 15న ఆయన దిగిపోయి, ఉపాధ్యక్షుడు ఓస్మేన్యా పగ్గాలు అందుకోవాలి. ఆయన దిగనన్నారు. అమెరికా కాంగ్రెస్ తీర్మానం చేసి గడువు పొడిగిస్తే కుర్చీలో కొనసాగారు. తమ రాజ్యాంగానికి మినహాయింపును పరాయి దేశపు చట్టసభ దగ్గర అడిగి తెచ్చుకోవడం స్వాతంత్ర్య నాయకుడు చేసే పనేనా? అప్పటికే క్షయ ఆయనను తినేస్తోంది. తొమ్మిది నెలలు తిరక్కముందే, 1944 ఆగస్టు 1న న్యూయార్క్ రాష్ట్రంలోని సరనాక్ లేక్‌లో కన్నుమూశారు.

డబ్బు విషయం ఇంకా బాధ కలిగిస్తుంది. 1942 తొలినాళ్లలో, దేశం యుద్ధంలో కాలిపోతుంటే, ఫిలిప్పీన్స్ ఖజానా నుంచి అక్కడి అమెరికా సేనాధిపతి జనరల్ మెకార్థర్‌కు 5 లక్షల డాలర్లు ఇప్పించారు. ఆయన ముఖ్య సహాయకుడు సదర్లాండ్‌కు 75 వేలు. మనీలా దగ్గరి బటాన్ ద్వీపకల్పంలో సైనికులు పస్తులతో పోరాడుతున్న రోజులవి! ఇది లోకానికి తెలిసింది 1979లో. చరిత్రకారిణి కరోల్ పెటిలో సదర్లాండ్ కాగితాల్లో ఆ ఉత్తర్వును గుర్తించి ప్రకటించారు. మీరన్నట్టే, సంగతి మరొకరి పెట్టెలో బయటపడింది. తర్వాత అదే ఏడాది వాషింగ్టన్‌లో, మునుపు మెకార్థర్ దగ్గర పనిచేసిన ఐసెన్‌హోవర్‌కు కూడా ఇవ్వజూపితే ఆయన మర్యాదగా వద్దన్నారు, ఆ విషయం కాగితం మీద రాసిపెట్టుకున్నారు కూడా.

తూర్పుతీరం:

మంజీర గారూ, మీరు చెప్పినవి వ్యాసంలో తప్పకుండా ఉంటాయి. కానీ ఇదే మనిషి 1930ల చివర నాజీల బారి నుంచి తప్పించుకొచ్చిన యూదులకు, మిగతా దేశాలు తలుపులు మూస్తున్నప్పుడు వీసాలు ఇప్పించారు. సుమారు 1,200 మంది మనీలా చేరి బతికారు. మనీలా దగ్గరి మరికినాలో తన సొంత స్థలంలో కొంత వాళ్ల నివాసానికి ఇచ్చారు. స్త్రీలకు ఓటు హక్కు కోసం 1937 ఏప్రిల్‌లో ప్లెబిసిట్ (ఓటు ద్వారా అభిప్రాయ సేకరణ) జరిగింది ఆయన అధ్యక్షతలోనే. 4,47,725 మంది స్త్రీలు కావాలన్నారు, వద్దన్నవారు 44,307 మంది. ఈ లెక్క చదివినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. మాస్టారూ, 1942లో ఆయన అమెరికాను నమ్మలేక తటస్థ దేశంగా ప్రకటించమని అడిగారంటారు. అది నిజమేనా? ఆ కాగితం నేనెక్కడ చూడగలను?

దస్త్రాలగది:

నిజమే, తూర్పుతీరం గారూ. దానికోసం మీరు ఇల్లు కదలనక్కర్లేదు. అమెరికా విదేశాంగశాఖ అచ్చువేసే దౌత్య పత్రాల సంపుటాల్లో 1942 మొదటి సంపుటం చూడండి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఫిలిప్పీన్స్ భాగంలో ఆ తంతి సందేశాలన్నీ వరసగా ఉన్నాయి.

ఆ కాగితాలు చదివేటప్పుడు ఆయన ఎక్కడ కూర్చుని రాశారో మనసులో పెట్టుకోండి. 1941 డిసెంబరు 30న మనీలా అఖాతంలోని కొరెగిడోర్ ద్వీపంలో, మలింటా సొరంగం ముంగిట రెండోసారి అధ్యక్షుడిగా ప్రమాణం చేశారు. ఆ తర్వాత వారాల తరబడి సొరంగపు దుమ్ములో, రక్తం పడేలా దగ్గుతూ, రేడియోలో అమెరికా సాయమంతా ముందు యూరప్‌కే అన్న వార్తలు వింటూ గడిపారు. ఫిబ్రవరి 8న రూజ్‌వెల్ట్‌కు పంపిన సందేశంలో ఆయన అడిగింది ఇది: మాకు వెంటనే స్వాతంత్ర్యం ఇవ్వండి, దేశాన్ని తటస్థంగా ప్రకటిస్తాం, మీరూ జపానూ ఇద్దరూ సైన్యాలను తీసుకుపోండి, మా సైన్యాన్నీ రద్దు చేస్తాం. మెకార్థర్ దాన్ని అడ్డుకోకుండా, తన వైపు నుంచి పరిస్థితి నిరాశాజనకమన్న అంచనాను జోడించి పంపారు. మర్నాడే రూజ్‌వెల్ట్ కుదరదన్నారు. ఫిలిప్పీన్స్ సైనికులు లొంగిపోవలసి వస్తే లొంగవచ్చు గానీ అమెరికన్ సైనికులు మాత్రం చివరిదాకా పోరాడతారన్నారు. అది చదివాక క్వెజాన్ తన ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. ఫిబ్రవరి 20 రాత్రి జలాంతర్గామిలో కొరెగిడోర్ విడిచి వెళ్లారు.

నా దృష్టిలో ఆయన జీవితంలో అన్నిటికన్నా నిజాయితీగా రాసిన కాగితం అదే. మనీలాకొక మాట, వాషింగ్టన్‌కొక మాట చెప్పే అలవాటు అక్కడ పూర్తిగా వదిలేశారు. మా మనుషులు చచ్చిపోతున్నారు, మీరు కాపాడలేరు, కనీసం మా దారి మేం చూసుకోనివ్వండి అని ముక్కుసూటిగా అడిగారు. దాన్ని ద్రోహమన్నవారు ఉన్నారు. నేను అనలేను.

మంజీర గారు చెప్పిన 1943 సంగతిని నేను సమర్థించను, అది తప్పే. కాకపోతే ఓస్మేన్యా పక్కకు తప్పుకోవడానికి తానే ఒప్పుకుని ఆ తీర్మానానికి దారి ఇచ్చారన్నది కూడా రాయండి. మరుసటి ఏడాది అక్టోబరు 20న మెకార్థర్‌తో కలిసి లేతే తీరంలో దిగి ప్రభుత్వాన్ని తిరిగి స్వదేశానికి తెచ్చింది ఆ ఓస్మేన్యాయే. 1946 జూలై 4న స్వతంత్ర దేశానికి అధ్యక్షుడిగా నిలిచింది స్పీకరు పదవి పోగొట్టుకున్న ఆ రోహాసే. క్వెజాన్ వ్యాసంలో ఈ ఇద్దరికీ చోటు తక్కువైతే అన్యాయం.

ఒక సాయం చేసిపెట్టండి. మీరు కలావ్ వీధికి వెళ్లినప్పుడు 1933 జూలై నుంచి అక్టోబరు దాకా ఓస్మేన్యాకూ క్వెజాన్‌కూ మధ్య నడిచిన ఉత్తరాలు అడగండి. స్పానిష్‌లో ఉన్నా సరే, వాటిలో ఏముందో ఇక్కడ రాయండి. నేను ఇటు మర్ఫీ, హేడెన్ కాగితాల్లో అదే నెలలవి వెతికి పెడతాను.