‘పడియుండ’ అనాలా, ‘పడియుండుటకు’ అనాలా? దూదిపఱుపు దగ్గర ఆగిన పద్యం

అడిగినవారు (బ్రిస్టల్):
సభ్యులందరికీ నమస్కారం. మే నెలాఖరున పిల్లల సెలవుల్లో మేము వేల్స్‌లోని బ్రెకన్ బీకన్స్ కొండల దగ్గర, ఒక గొర్రెల పొలంలో వేసిన యూర్ట్‌లో మూడు రాత్రులు ఉన్నాము. ఇక్కడివారు దీన్ని గ్లాంపింగ్ అంటారు. పేరుకు గుడారమే గాని లోపల ఇనప పొయ్యి, నేల మీద గొర్రె చర్మాలు, రెండు పెద్ద మంచాలు, ఒక్కొక్క మంచం మీద జానెడు మందాన పరుపు, నాలుగేసి దిండ్లు ఉన్నాయి. తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న మా అత్తగారు వానలో తడిసిన గొడుగు గుమ్మం దగ్గర దులిపి, లోపలికి వస్తూనే ఆ పరుపును అరచేత్తో ఒకసారి నొక్కి చూసి, ‘కమనీయ భూమిభాగములు లేకున్నవే, పడియుండ దూదిపరుపు లేల’ అని రాగం తీశారు. తరువాతి పాదం అందక అక్కడే ఆగిపోయారు. మూడు రోజులూ అన్నం తింటున్నప్పుడు, బురదలో బూట్లేసుకొని మరుగుదొడ్డికి నడుస్తున్నప్పుడు కూడా ఆ ఒక్క పాదమే అంటూ ఉన్నారు.

నాకు రెండు సందేహాలు. పాదం ఇంతేనా? నాకు ఛందస్సు అంతగా రాదు గాని ‘దూది’ దగ్గర నడక కుంటినట్టు వినిపించింది. రెండవది, ‘పడియుండు’ అంటే ఇక్కడ పడుకోవడమా, లేక ‘వాళ్ళింట్లో పడి ఉంటున్నాడు’ అన్నప్పటి పడి ఉండడమా?

నెల్లూరు మాస్టారు:
మీ చెవి నిజమే చెప్పిందమ్మా. పోతన భాగవతం ద్వితీయ స్కంధంలో శుకుడు పరీక్షిత్తుతో చెప్పే సీసం అది. ‘పడియుండుటకు దూదిపఱుపు లేల’ అన్నది పాఠం. గణాలు విడదీసి చూడండి: ‘పడియుండు’ సలం, ‘టకు దూది’ మళ్ళీ సలం, ‘పఱుపు’ నగణం, ‘లేల’ హగణం. సీసపాదం రెండవ సగానికి కావలసిన రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు సరిపోయాయి. మీ అత్తగారు రెండు లఘువులు మింగారు కనుక ‘దూది’ ఒక్కటే మిగిలి ఇంద్రగణం కాకుండా పోయింది. యతి, అంటే మొదటి అక్షరానికి నడుమ అక్షరం జత కలవడం, మాత్రం ఎలా చదివినా ‘పడి’కీ ‘పఱుపు’కీ కుదురుతూనే ఉంటుంది. అందుకే చాలామందికి తప్పు పట్టుబడదు.

ఇంకొక మాట. ‘పరుపు’ కాదు, ‘పఱుపు’. ‘పఱచు’ నుంచి వచ్చినది కాబట్టి శకటరేఫ ఉండాలి.

కడప సభ్యుడు:
మాస్టారూ, లెక్క సరే గాని ‘టకు’ ఒక్కటే గతి అన్నట్టు తేల్చేశారు. మా తాతగారు ఈ పద్యాన్ని ‘పడియుండఁగా దూదిపఱుపు లేల’ అని చదివేవారు. ‘పడియుండ’ సలం, ‘గా దూది’ తగణం. ఇందులో తప్పేమిటో చూపించండి. పైగా ‘పడియుండుటకు’ అన్నది నాకు గుమాస్తా రాసిన అర్జీలాగా వినిపిస్తుంది. పోతన నోట ‘టకు’ వచ్చిందంటే నా మనసు ఒప్పుకోదు.

నెల్లూరు మాస్టారు:
మీ మనసు ఒప్పుకోకపోవడం పాఠాంతరం కాదు నాయనా. తాతగారి దగ్గర అచ్చుప్రతి ఉంటే ఆ పుట పెట్టండి.

హనుమకొండ సభ్యురాలు:
గణాలు ఇద్దరికీ సరిపోతున్నాయి కనుక అర్థం వైపు నుంచి చూద్దాము. ‘పడియుండఁగా’ అంటే ‘పడి ఉండగా’, అంటే అప్పటికే నేల మీద పడుకొని ఉన్న మనిషికి పరుపు ఎందుకు అని అడిగినట్టు అవుతుంది. పద్యం అడిగేది అది కాదు. పడుకోవడం కోసం పరుపు దేనికి అని అడుగుతున్నది. తరువాతి పాదాల్లో ‘కట్ట దుకూల సంఘంబు లేల’, ‘గొనకొని వసియింప గుహలు లేకున్నవే’ అని వస్తాయి. ‘కట్ట’ అంటే కట్టుకోవడానికి, ‘వసియింప’ అంటే ఉండడానికి. ఆ రెండు చోట్లా తుమున్నర్థకమే ఉంది. నాకు తోచేదేమిటంటే, బ్రిస్టల్ వారి అత్తగారు పద్యం మరిచిపోలేదు. ‘కట్ట’, ‘వసియింప’ అన్న నడక నాలుకకు పట్టి ఉండడం వల్ల మొదటి పాదాన్ని కూడా ఆ అచ్చులో పోసి ‘పడియుండ’ అన్నారు. వ్యాకరణం చొప్పున ఆవిడ చెప్పినదే నిండుగా ఉంది. చాలనిది రెండు లఘువులే.

కడప సభ్యుడు:
అంటే పోతన మొదట ‘పడియుండ’ అనుకొని, గణం చాలక ‘టకు’ అతికించాడని మీరే ఒప్పుకొంటున్నారు.

హనుమకొండ సభ్యురాలు:
నేను అనని మాటను నా నోట పెట్టకండి.

డాలస్ సభ్యుడు:
చర్చ మంచం దిగడం లేదు కాబట్టి గుడారం సంగతి నేను అందుకొంటాను. ‘యూర్ట్’ అన్న మాట విన్నప్పటి నుంచీ నాకొక అనుమానం ఉంది. మన ‘ఊరు’, వాళ్ళ ‘యూర్ట్’ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలి. అర్థం కూడా నివాసమే కదా. సంచార జాతుల దారుల వెంట ఈ మాట ఎటు నుంచి ఎటు పోయిందో ఎవరైనా పరిశీలించాలి.

హనుమకొండ సభ్యురాలు:
‘ఊరు’ తమిళ కన్నడాల్లో కూడా ఉన్న ద్రావిడ మాట. ‘యుర్త్’ తుర్కీ భాషల మాట. దానికి అసలు అర్థం గుడారం కూడా కాదు, మనిషి నిలిచే చోటు, సొంత గడ్డ. రష్యన్ల ద్వారా ఐరోపాకు చేరేసరికి ఆ చోటి పేరు ఇంటికి అంటుకొంది. మంగోలులు దాన్ని గేర్ అంటారు, అంటే ఇల్లు. కజక్కులు కీయిజ్ ఉయ్ అంటారు, అంటే నమదా ఇల్లు. నేయకుండా తడిపి, తొక్కి, అణచిన ఉన్ని దుప్పటిని నమదా అంటారు. మంగోలుల గేర్ కట్టే పనితనాన్ని 2013లోను, కజక్, కిర్గిజ్ యూర్ట్‌లను 2014లోను యునెస్కో తన జాబితాలో చేర్చింది. గుడారం నడినెత్తిన ఉండే గుండ్రటి చట్రం కిర్గిజ్ జెండా మీద కూడా ఉంది. ఇంత గౌరవమున్న మాటను ఒక్క ‘ఊ’కారం చూసి మన ఊళ్ళోకి లాక్కురావడం భావ్యం కాదు.

గుండ్రదనమే కావాలంటే మన దగ్గర ‘గుడి’ ఉంది. చంద్రుడి చుట్టూ వలయం కనిపిస్తే గుడి కట్టింది అంటాము. ‘కి’లోని ఆ సున్న లాంటి గుర్తును కూడా గుడి అనే అంటాము. ‘గుడారం’ ఆ గుడి నుంచే వచ్చిందని ఎవరైనా అంటే వినడానికైనా బాగుంటుంది. తమిళంలో ‘కూడారం’ అని దీర్ఘం ఉండడం దానికి అడ్డు తగులుతుంది గాని.

నెల్లూరు మాస్టారు:
గుడారం కొంచెం ఆపి పద్యానికి రండి. సంస్కృత మూలంలో ‘సత్యాం క్షితౌ కిం కశిపోః ప్రయాసైః’, నేల ఉండగా పడక కోసం పాట్లెందుకు, అని ఉంది. కశిపు అంటే పడక. హిరణ్యకశిపుడి పేరులో ఉన్నది అదే. మూలంలో దూది ఊసు లేదు. ఆ దూదిని పోతన తెచ్చి పఱిచాడు. పత్తి పండే నేల మీద పుట్టిన మనిషికి పరుపు అనగానే దూది గుర్తుకు రావడంలో వింత లేదు. అయితే ఆ వెంటనే ‘బాహౌ స్వసిద్ధే హ్యుపబర్హణైః కిమ్’ అని ఇంకొక ముక్క ఉంది. చెయ్యి ఉండగా తలగడ ఎందుకు అని. తెలుగు సీసంలో ఆ తలగడ ఎక్కడా కనబడదు. పఱుపు వచ్చింది, దోసిలి వచ్చింది, బట్ట వచ్చింది, గుహ వచ్చింది, తలగడ మాత్రం జారిపోయింది. నేను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను, ఒక్క విద్యార్థి కూడా ఈ మాట అడగలేదు.

కడప సభ్యుడు:
తలగడ జారిపోలేదు మాస్టారూ, ‘పడియుండు’లో కలిసిపోయింది. తలగడ ఉంటే దాన్ని పడుకోవడం అంటారు, లేకపోతే పడి ఉండడం అంటారు. బ్రిస్టల్ వారి రెండవ సందేహానికి జవాబు కూడా ఇదే.

హనుమకొండ సభ్యురాలు:
చమత్కారం బాగుంది, ఆధారం లేదు. నాకు ఆ మాటలో కొంత ఉదాసీనత వినిపిస్తుంది. దేహాన్ని ఎక్కడో ఒకచోట పడవేయడమే తప్ప దానికి సేవ చేయడం లేదన్న ధోరణి అది. అయితే నిఘంటువు చూపించమంటే చూపించలేను.

నన్ను ఎక్కువగా ఆపేది సీసం కింద వచ్చే ఎత్తుగీతిలోని చివరి పాదం, ‘ధనమదాంధుల కొలువేల తాపసులకు’. మూలంలో అక్కడ ‘కవయః’ అని ఉంది. జ్ఞానులు అని అర్థం చెబుతారు. శ్రీహరికి తప్ప రాజులకు ఇవ్వనన్న కవికి ఎదురుగా ‘కవులు’ అన్న మాట సిద్ధంగా ఉంది. ఆయన దాన్ని తీసుకోలేదు. తన గోడు వెళ్ళబోసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. అయినా తాపసులను కూర్చోబెట్టి తాను పక్కకు తప్పుకొన్నాడు.

నెల్లూరు మాస్టారు:
యతి అమ్మా, యతి. ‘ధన’కు ‘తాప’ కుదురుతుంది, ‘కవు’ కుదరదు.

హనుమకొండ సభ్యురాలు:
‘ధన’తో మొదలుపెట్టింది కూడా ఆయనే కదా మాస్టారూ. కవులే కావాలనుకొంటే పాదాన్ని ‘క’తో ఎత్తుకొనేవాడు. అంతటి వాడిని యతి లాక్కుపోయిందంటే నేను నమ్మను. మా బమ్మెర పొలం గట్ల మీద నాగలి పట్టిన చేతికి పద్యం చెప్పినట్టు వినేది.

కడప సభ్యుడు:
బమ్మెర ఇంటిపేరు. ఒంటిమిట్టను ఏకశిలానగరం అని ఎందుకన్నారో...

నిర్వాహకులు:
పోతన జన్మస్థలం గొడవకు ఇక్కడ ఇదివరకే మూడు చర్చలు బలి అయ్యాయి. దయచేసి పఱుపు మీదే ఉండండి.

అడిగినవారు (బ్రిస్టల్):
అందరికీ ధన్యవాదాలు. మీ జవాబులన్నీ అత్తగారికి చదివి వినిపించాను. ‘టకు’ చేర్చి చదవమంటే ఒకసారి చదివారు, వెంటనే మొహం చిట్లించి పాత పద్ధతిలోనే ‘పడియుండా... దూదిపరుపు లేల’ అని సాగదీశారు. మాస్టారు చెప్పిన రెండు లఘువులకు పట్టే కాలమంతా ఆ ‘డా’లో రాగం తీసి నింపేశారని నాకు అప్పుడు అర్థమైంది. వినడానికి లోటు లేదు. రాస్తేనే లోటు కనబడుతున్నది. ‘పడియుండు’ అంటే ఏమిటని అడిగితే, ‘పద్యం చదువుకోవాలి గాని పీకకూడదు’ అన్నారు.

మాస్టారి తలగడ మాట వినగానే గుర్తుకు వచ్చినది ఒకటి చెప్పాలి. మొదటి రాత్రి ఆవిడ పరుపు వద్దని పంతం పట్టి, పొయ్యి దగ్గర గొర్రె చర్మం మీద దుప్పటి పఱుచుకొని పడుకొన్నారు. రెండు గంటల వేళ పొయ్యి ఆరిపోయింది. వేల్స్ కొండల్లో మే నెల రాత్రి మన ధనుర్మాసం కంటే చలిగా ఉంటుంది. నేను లేచి కట్టెలు పెట్టేసరికి ఆవిడ ఎప్పుడో మంచం ఎక్కి మనవడి పక్కన నిద్రపోతున్నారు. నాలుగు దిండ్లూ వాడి వైపే ఉన్నాయి. ఆవిడ తల కింద మడిచిన కుడి చెయ్యి ఉంది.

నెల్లూరు మాస్టారు:
‘బాహౌ స్వసిద్ధే’. ఆవిడకు నా నమస్కారాలు చెప్పండి. ‘టకు’ మాత్రం వదలవద్దు.

కడప సభ్యుడు:
తాతగారి పెట్టె ప్రొద్దుటూరులో మా చిన్నాన్న ఇంట్లో ఉంది. దసరాకు వెళ్ళినప్పుడు తెరిపిస్తాను. అంతవరకూ ‘గా’.